మంచాల రోడ్డు మీద వడ్లు, తనంతట తాను నడిచిన కారు

పోయిన యాసంగి కోతల్లో మంచాల రోడ్డు మీద ఎదురుగా వచ్చిన కారు టీచరైన నా భార్య సునంద స్కూటర్‌ను గుద్దింది. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. కారు అప్పుడు తనంతట తానే నడుస్తోందనీ, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు తెల్ల గీతను కప్పేయడంతో అది దారి తప్పి అవతలి వైపుకు వెళ్లిందనీ స్టీరింగ్ ముందు కూర్చున్న కుర్రాడి వాదన. సాక్ష్యం చెప్పడానికి ఇబ్రహీంపట్నం కోర్టు నన్ను పిలిచింది. ముందు ఆ చోటు చూడాలనిపించింది.

ఎల్బీనగర్‌లో ఉదయం ఏడింటికి బస్సెక్కి ఎనిమిది దాటాక ఇబ్రహీంపట్నంలో దిగాను. మంచాల వైపు రానుపోను మూడు వందలకు ఆటో కుదిరింది. డ్రైవర్ నర్సింహకు నేనెవరో తెలియదు. "ఇప్పుడు కార్లే నడుస్తయంట సార్. కారుకు బుద్ధొచ్చింది, మనిషికే రాలే" అని నవ్వాడు. ఊరు దాటాక సగం రోడ్డు వడ్లే. నర్సింహ బ్రేకు వేసి అరిచాడు: "ఏం మౌలాలన్నా, రోడ్డు మీ తాతదా?"

"తాతదే. ఎడల్పు చేసి గుంజుకున్నరు" అన్నాడు వడ్లు నెరుపుతున్న రైతు. నన్ను పోలీస్ స్టేషన్‌లో చూసి ఉన్నాడు. గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"ఆనాటి వడ్లు నావే సార్. కల్లాలన్నీ ప్లాట్లయినయ్, ఏడ ఎండబోయాలె? అంచుకు రాళ్లు పెడుతుంటి. టీచరమ్మ రోజూ బండి ఆపి కొట్లాడేది, రాళ్లు తియ్యి, ఎవడన్న పడి చస్తడని. ఆమె పోరుకు తీసేసిన. రాళ్లుంటే ఆ కారు ఆగునేమో." తర్వాత అడిగాడు: "కారోళ్ల వకీలు నా మీదికే తోస్తున్నడంట. నన్ను జైల్ల ఏస్తరా సార్?"

తెలియదన్నాను.

పదకొండు తర్వాత కోర్టులో నా పేరు పిలిచారు. "వడ్లు లేకపోతే ప్రమాదం జరిగేదా?" అని ఆ కుర్రాడి లాయర్ అడిగాడు.

"జరిగేది కాదు."

"అంటే తప్పు వడ్లు పోసినవాడిదే కదా?"

"పొద్దున అదే రోడ్డు మీద వడ్లను మా ఆటో డ్రైవర్ దాటాడు. బ్రేకు వేసి, తిట్టి, దాటాడు."

కేసు వాయిదా పడింది. వరండాలో కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. "అంకుల్, నేను కావాలని చెయ్యలే."

"ఆమెను చూశావా?"

"చూసిన. బ్రేకు అదే ఏస్తదనుకున్న."

"ఈ మాట లోపల చెప్తావా?"

లాయర్ పిలిచాడు. కుర్రాడు వెళ్లిపోయాడు.

కారు తయారు చేసినవారి బాధ్యత ఎంత, కూర్చున్నవాడిది ఎంత, వడ్లు పోసినవాడిది ఎంత అన్నది చట్టం తేల్చాలి. యంత్రాన్ని బోనెక్కించలేం. సునందను ప్రాణంతో చివరిసారి చూసింది ఆ కుర్రాడు. చూస్తూ, కారు ఏం చేస్తుందోనని ఎదురుచూశాడు. నేను తిరుగు బస్సులో అదొక్కటే ఆలోచించాను.

కోతల కాలంలో ఈ దారిన వెళ్లేవారు పగలే వెళ్లండి. గీత కనిపించని చోట కారుకు వదిలేయకండి. మనిషి కనిపిస్తే మీరే ఆపండి.