సమాధానంగారి ఆకురాళ్ళు

అల్లూరులో సమాధానంగారి ముఖం ఎరగనివాళ్ళు ఉంటారేమో గాని, ముట్టుకోవద్దంటూ 'తాకబాక' అనే ఆయన గద్దింపు వినని చెవి లేదు. ఆ గద్దింపు బంగారం కోసం కాదు, వెండి కోసం కాదు, రాళ్ళ కోసం. ఇంటినిండా నల్లటి పలకరాళ్ళే. ఒక్కో రాయి మీద ఒక్కో ఆకు అచ్చు. మనిషి పుట్టకముందెప్పుడో బురదలో పడి, బురదతోపాటు తామూ రాళ్ళైపోయిన ఆకులవి. వాటి మీద ఎవరి చెయ్యి పడినా ఆయనకు ఒంటిమీద కారం చల్లినట్టుండేది. పేరు సమాధానమైనా ఆ మనిషితో ఇంట్లో శాంతీ సమాధానమూ లేవని ఆయన భార్య ఎస్తేరమ్మ ప్రార్థన కూటంలో లేచి నిలబడి మరీ సాక్ష్యం చెప్పింది.

ఈ పిచ్చి ఆయనకు రైలింజను మీద పనిచేస్తుండగా పట్టింది. బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా ఉన్న రోజుల్లో, పారతో ఎత్తిన బొగ్గులో ఒక పలక వచ్చింది. మంట వెలుగులో చూస్తే దాని మీద ఎద్దు నాలుకంత ఆకు, ఈనెలతో సహా. ఆవిరి పడిపోతోంది, బొగ్గెయ్యవయ్యా మగడా అని డ్రైవరు నెత్తి కొట్టుకుంటున్నా ఈయన కదల్లేదు. బండి ఎందుకు ఆగిందని పైఅధికారి అడిగితే, ఆకును పొయ్యిలో వెయ్యమంటారా అని ఎదురు కోప్పడ్డారు. అప్పటినుంచీ ఏటా ఎండాకాలం రైల్వే పాసు మీద డోర్నకల్లులో బండి మారి ఇల్లెందు వెళ్ళేవారు. పాతబడ్డ బొగ్గు గనుల పక్కన పోసిన రాతిదిబ్బలన్నీ గాలించి, ట్రంకుపెట్టె నింపుకుని వచ్చేవారు. తీసుకెళ్ళిన బట్టలు అక్కడే ఎవరికో ఇచ్చేసేవారు. మరి పెట్టెలో చోటు చాలొద్దూ?

రిటైరయ్యాక పిచ్చి ముదిరింది. ఒక ఏడు ఎస్తేరమ్మ తెలియక ఒక పలకను ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది. అంతే, కోట్ల ఏళ్ళు మచ్చపడని ఆకుకు నూనె మరక పూసిందని ఆయన ఆ ఏడంతా ఆవకాయ ముట్టలేదు. ఎస్తేరమ్మకూ ఒళ్ళు మండింది.

"రాయికి నూనె అంటిందని మీరు అలిగినారు. ఆవకాయలో రాతిపొడి పడిందే, నేనెవరి మీద అలగాల?"



పందొమ్మిదివందల అరవై రెండులో నెల్లూరు నుంచి ఆనందబాబు అనే లెక్చరరు పాపం ఈ రాళ్ళు చూద్దామనే బస్సెక్కి వచ్చాడు. కాఫీ ఇచ్చారు. లెక్చరరు అన్నిటికన్నా పెద్ద ఆకున్న రాయి చేతికి తీసుకుని, ఈనె సందులో మట్టి ఉందని జేబులోని చాకుమొనతో చిన్నగా గీశాడు. సమాధానంగారు రాయి లాక్కున్నారు.

"దేవుడు గీసిన గీత అది. దిద్దేదానికి నువ్వెవరయ్యా?"

లెక్చరరు సగం కాఫీ వదిలేసి లేచాడు. ఈయన బస్టాండు దాకా తిట్టుకుంటూ వెంట నడిచారు. బస్సు కదిలాక దానికి పట్టిన దుమ్మును కూడా తిట్టారు. ఇంటికొచ్చిన అతిథిని అవమానించినందుకు ఎస్తేరమ్మకు అన్నం సహించలేదు. ఈసారి ఎవరినైనా ఇలా తరిమితే రాళ్ళన్నీ బండికెత్తించి ఇసకపల్లి సముద్రంలో కలిపేస్తానని ఒట్టు పెట్టుకుంది.

అటువంటి మనిషి ఒకనాటి పొద్దున పెరటి గోడవార చతికిలబడి, సరిగ్గా ఆ పెద్దాకు రాయినే ఒళ్ళో పెట్టుకుని, మేకుతో గీకుతూ ఎస్తేరమ్మ కంటపడ్డారు.

"ఆ లెక్చరరు గీస్తే పాపం, మీరు గీకితే పుణ్యమా?" అంది ఆమె, ఒళ్ళంతా కోపమై.

ఆయన రాయి మీద తువ్వాలు కప్పారు. గద్దించలేదు, కసరలేదు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన కోప్పడకుండా ఊరుకోవడం అదే మొదలు గనుక ఎస్తేరమ్మకు భయం వేసింది. మధ్యాహ్నం ఆయన రాయిని సంచిలో వేసుకుని బయల్దేరారు. ఆమె పైట బిగించి వెనకే నడిచింది.

ఆయన ఆదిశేషమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఆదిశేషమ్మ వరి పండించే రైతు ఇంటి ముసలమ్మ. కొన్నేళ్ళ కిందట చూపు పూర్తిగా పోయింది. సమాధానంగారు రాయి ఆమె ఒళ్ళో పెట్టి, ఆమె వేలు పట్టుకుని ఆకు మీద నడిపిస్తున్నారు.

"తాకమ్మా. బాగా అదిమి తాకు. ఇది నడిమి ఈనె. ఇదో, పక్క ఈనెలు ఇక్కడ చీలినాయి."

గోడ చాటునున్న ఎస్తేరమ్మ తన చెవులను తనే నమ్మలేదు. ఆయన నోట 'తాకు' అన్న మాట ఆమె ఎన్నడూ విని ఎరగదు.

అరిటాకు మాదిరుందే అంది ముసలమ్మ. అరటి పుట్టకముందు ఆకమ్మా ఇది అని ఆయన నొచ్చుకున్నారు. కాసేపటికి రాయి ఆమె దగ్గరే వదిలి ఇంటిదారి పట్టారు.

ఎస్తేరమ్మ అరుగెక్కి, నేను ఫలానా అని చెప్పుకుంది. ఆదిశేషమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకసారి ఈయన ట్రంకుపెట్టెతో వీధిలో పోతుంటే, చప్పుడు విని, అందులో ఏముందయ్యా, చూపిస్తావా అని తను అడిగిందట. గుడ్డిదానికి చూడాలని ఉందంట అని వీధివాళ్ళు నవ్వారట. ఈయన పెట్టె దించి, కళ్ళుండి మీరు చూసిందేందని వీధినంతా కడిగేసి, రాళ్ళన్నీ ఒక్కొక్కటే ఆమె చేతుల్లో పెట్టారట. కానీ అచ్చులు మరీ సన్నం. వేలికి అందలేదు. బాగున్నాయయ్యా అని తను మర్యాదకు తలాడించిందట.

"అది కనిపెట్టినట్టుండాడు. ఆ పైన తెచ్చిన రాళ్ళలో గీతలు లోతుగా ఉండాయి." ముసలమ్మ గొంతు తగ్గించింది. "ఊరి పెళ్ళిళ్ళకల్లా విస్తళ్ళు కుట్టిన చేతులమ్మా ఇవి. ఆకు ఈనేదో మేకు గీతేదో నాకు తెలీదా? ఈనె ఇంత వంకరగా యాడన్నా పోతుందా? నా కోసం గీకినాడు మారాజు. నాకు తెలిసిపోయిందని ఆయనతో అనబాక, మనసు కష్టపెట్టుకుంటాడు."

ఎస్తేరమ్మ ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి, ఎక్కడికి పోయినావని గద్దించారు. ఆమెకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో మంచిపని ఒక్కటి చేసి, దాన్నీ దొంగతనంలా దాచిపెడతాడా ఈ మనిషి? కానీ పైకి మాత్రం, ఈ ఎండాకాలం ఇల్లెందుకు తనూ వస్తానని, పాసులో భార్యకూ హక్కుందని, కాదంటే షెడ్డుకెళ్ళి ఫిర్యాదు చేస్తానని చెప్పింది.

ఆ వేసవిలో ఇల్లెందు రాతిదిబ్బ మీద ఎస్తేరమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని, ఒక్కో రాయినీ వేలితో తడిమి, వేలికి ఈనె తగిలినదాన్ని మాత్రమే ఒళ్ళో వేసుకుంటూ కూర్చుంది. గనిలోంచి పైకి వస్తున్న మనుషులు, ఎవరో మహాభక్తురాలు ప్రార్థనలో ఉందనుకుని, తలగుడ్డలు తీసి చుట్టూ నిలబడ్డారు. సమాధానంగారికి మండింది. వెలుతురుకు అడ్డం తప్పుకోండని కసిరారు.

"నాకు వెలుతురెందుకండీ?" అంది ఎస్తేరమ్మ, కళ్ళు తెరవకుండానే.