మోచేతి కింద పుట్టుమచ్చ

పోయిన వారం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సిటీ బస్సు ఎక్కాను. గుంపులో నా ముందు నిలబడ్డ మనిషి పైకడ్డీ అందుకోవడానికి చెయ్యెత్తితే, చొక్కా చెయ్యి జారి మోచేతి కింద పుట్టుమచ్చ కనబడింది. చూస్తే మీసాలు కూడా సరిగ్గా రాని కాలేజీ పిల్లవాడు, చెవుల్లో పాటలు పెట్టుకుని తన లోకంలో తానున్నాడు. అయినా నేను నా స్టాపు రాకముందే దిగిపోయి, నాచారం దాకా ఎండలో నడిచాను. నడుస్తూనే అనుకున్నాను, దీన్ని ఇకనైనా రాసిపెట్టాలని. తీర్పుల్లో గాయాల లోతు ఉంటుంది, కత్తి పొడవు ఉంటుంది, ఏ సాక్షి ఏం చెప్పాడో ఉంటుంది. సర్కారు తరఫున వాదించిన మనిషి ఆ సాయంత్రం ఇంటికి ఎలా వెళ్లిందో మాత్రం ఎక్కడా ఉండదు.

అప్పట్లో నేను హైకోర్టులో క్రిమినల్ అప్పీళ్లు చూసేదాన్ని. కింది కోర్టులో శిక్ష పడినవాడు తాను చేయలేదంటూ పైకి వస్తే, చేశాడని ప్రభుత్వం తరఫున చెప్పడం నా పని. ఈ పనిలో ఒక వింత ఉంది. మేము ముద్దాయిని చూడం, సాక్షిని చూడం, చనిపోయినవాళ్ల మనుషులను కూడా చూడం. అందరూ టైపు కాగితాలై మా బల్ల మీదికి వస్తారు. సాక్షి ఏ భాషలో ఏడ్చినా కాగితంలో ఇంగ్లీషులోనే ఏడుస్తాడు. మొదట్లో నాకిది హాయిగానే ఉండేది, ఎందుకంటే నేను కాగితాల మధ్య పెరిగినదాన్ని. నాన్నది నాచారంలో మందుల కంపెనీ షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో బైబిలు, గోడ క్యాలెండరు తప్ప అచ్చు కాగితం లేదు. మా వీధి చివరి శాఖా గ్రంథాలయంలోనే బీరువాల వరసన చదువుకుంటూ పోయాను: వైద్యం, ఖగోళం, కోళ్ల పెంపకం, ఆ తర్వాత శిక్షాస్మృతి. పట్టా సాయంకాలపు లా కాలేజీ ఇచ్చింది, చదువు మాత్రం ఆ గ్రంథాలయం ఇచ్చింది. ఈ మాట నేను అవసరానికి మించి చెప్పుకుంటానని మా ఆయన అంటాడు.

ఆ కేసు మౌలాలి వైపు రేకుల గదుల్లో జరిగింది. ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. పక్క గది మనిషి తమ్ముణ్ని కత్తితో పొడిచి చంపాడు. అడ్డుపడిన అన్న ఒక్కడే చూసిన సాక్షి. ముద్దాయికి యావజ్జీవం పడింది. అప్పీలు విచారణకు రాకుండా ఏళ్లు గడిచేసరికి అతను బెయిలు అడిగాడు. బయటికొస్తే సాక్షిని బతకనివ్వడని గట్టిగా వాదించాను. అయినా బెయిలు వచ్చింది. వరండాలో ముద్దాయి తల్లి నా దగ్గరికి వచ్చి, కొంగు సర్దుకుని, నెమ్మదిగా అంది: "మీది నాచారమేనంట గద మేడం. మా పోరడు గూడ ఇగ గాడికే వస్తుండు, మా తమ్మునింటికి." అని నవ్వింది. బెదిరింపు కాదేమో. కొడుకు ఇంటికొస్తున్న తల్లి ఎవరికైనా అలాగే చెబుతుందేమో. కానీ నా మెడ వెనక చల్లబడిన చోటు చాలా కాలం వెచ్చబడలేదు.

అతను నా ఊళ్లోకి వచ్చాడు, అతని ముఖం నాకు తెలియదు. కత్తి ఏ చేత్తో పట్టాడో తెలుసు, పారిపోతూ ఏ కాలి చెప్పు వదిలేశాడో తెలుసు. కూరగాయల బండి దగ్గర నా పక్కన నిలబడితే మాత్రం గుర్తుపట్టలేను. పోలీసు స్టేషన్‌లో ఫొటో అడగొచ్చు. అడిగితే మేడం భయపడిందని కోర్టంతా తెలుస్తుందని అడగలేదు. కాగితాల్లో ఒకే ఒక్క గుర్తు ఉంది: కుడి మోచేతి కింద పుట్టుమచ్చ. ఇక నేను మగవాళ్ల ముఖాలు చూడటం మానేసి మోచేతులు చూడటం మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలు వదిలే వేళ నాచారం రోడ్డు మీద ఎన్ని పొడుగు చేతుల చొక్కాలు కనబడతాయో నాకప్పుడే తెలిసింది. గ్రంథాలయంలో శరీరధర్మ శాస్త్రం తీసి భయం గురించి చదివాను. నోరు ఎండుతుందని, అరచేతులు చెమర్చుతాయని అందులో సరిగ్గానే రాశారు. అది పోవడానికి ఏం చేయాలో ఉన్న పేజీ ఎవరో చింపుకుపోయారు.

అదే గ్రంథాలయంలో అతను కనబడ్డాడు. నా ఎదుటి బల్ల దగ్గర పేపరు పట్టుకుని కూర్చునేవాడు, పేజీ తిప్పేవాడు కాదు. ఎండలు మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ పెట్టి ఉండేది. నేను లేస్తే లేచేవాడు. మా సందు మలుపు దాకా వెనకే వచ్చి ఆగిపోయేవాడు. ఒకరోజు ఉప్పల్ బస్టాపులో కూడా కనబడ్డాడు. ఆ రోజు ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడిపోయాను. రాత్రికి పుట్టుమచ్చ సంగతితో సహా అంతా ఇంట్లో చెప్పాను.

మా ఆయనకు రైల్వేలో సిగ్నళ్ల పని. ఏ సమస్యకైనా ఎర్రలైటు వేయడమే ఆయనకు తెలిసిన మార్గం. "లైబ్రరీ బంజెయ్. పుస్తకాలు ఇంటికి దెచ్చుకో," అన్నాడు.

మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "గాడెవడో వస్తున్నడని మనం బందువెట్టుకుంటమా? రేపు నేను గూడ వస్త పా."

"నువ్వొచ్చి ఏం జేస్తవమ్మా?" అన్నాడు మా ఆయన.

"ప్రార్థన జేస్త. అది పనిజెయ్యకపోతే నా సంచిల కారప్పొడి ఉన్నది."

మర్నాడు సాయంత్రం అత్తమ్మ నాతో వచ్చింది. ఆమెకు చదువు రాదు, ఒక పత్రిక తీసుకుని బొమ్మలు చూస్తూ కూర్చుంది. అతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను వద్దని సైగ చేసేలోపే ఆమె లేచి అతని పక్కన నిలబడింది.

"బిడ్డా, నీ కుడిచెయ్యి అంగీ జర మీదికి మడువు."

"ఎందుకమ్మా?"

"పెద్దమనిషి అడుగుతున్న గద. మడువు."

లైబ్రేరియన్ సారు కుర్చీలోంచి లేచాడు. నా నోరు పుస్తకంలో రాసినట్టే ఎండిపోయింది. అతను అత్తమ్మను చూసి, నన్ను చూసి, గుండీ విప్పి చెయ్యి మడిచాడు. పుట్టుమచ్చ లేదు. మోచేతి కింద నుంచి మణికట్టు వైపు ఒక పొడుగాటి మచ్చ, కుట్లు మానిన గుర్తు. ఆ మచ్చ నాకు తెలుసు. కత్తికి అడ్డంగా చెయ్యెత్తినప్పుడు తగిలిన గాయమని దాన్ని ఎన్నోసార్లు చదివాను. నేను ముద్దాయి అనుకుని వణికిపోయిన మనిషి, నేను ఎవరి కోసం వాదించానో ఆ సాక్షి, చనిపోయినవాడి అన్న.

"నల్లా కాడ కాళ్లు కడుక్కుంటున్న మేడం అప్పుడు," అన్నాడు నేను అడగకుండానే. అతని సాక్ష్యంలో ఇంగ్లీషులో నేను చదివిన మొదటి వాక్యం అదే. "వాడు బైటికొచ్చిండు. నన్ను మల్ల పిలుస్తరా? వాని ముంగట నిలవడి మల్ల జెప్పాల్నా? అడుగుదామని వస్తున్న. మిమ్మల్ని కోర్టుల ఎనుకనుంచి జూసిన, మస్తు కోపంగ మాట్లాడుతున్నరు. వరండల వాని తల్లి మీది నాచారమన్నది ఇని ఈడికొచ్చిన. అడగనీకి భయమైంది."

"నా మీద భయమా?"

"అవు మేడం. వాడు గుర్తువడతడని ఈ చెయ్యి దాసుకుంట. మిమ్మల్ని జూస్తే మాట దాసుకున్న."

అత్తమ్మ సంచి మూతి బిగించి, "ఇద్దరికిద్దరు సరిపోయిన్రు," అంది.

మళ్లీ పిలవరని చెప్పాను. అప్పీలులో కొత్తగా సాక్ష్యం అడగరని, అప్పుడు చెప్పింది చెప్పినట్టే ఉందని చెప్పాను.

"నా మాట గట్లనే ఉన్నదా మేడం?"

"గట్లనే ఉంది."

అతను చొక్కా చెయ్యి దించుకోవడం మరిచిపోయి వెళ్లాడు. ఆ ఎండాకాలంలోనే అప్పీలు విచారణకు వచ్చింది. నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నానన్న వాక్యం చదువుతుంటే, నా ఉద్యోగంలో మొదటిసారి, కాగితం వెనక ఒక గొంతు వినబడింది. శిక్ష ఖాయమైంది, ముద్దాయి తిరిగి జైలుకు వెళ్లాడు. అతని ముఖం నేను ఇప్పటికీ చూడలేదు.

పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాలని ఉంది గానీ, పేర్లు దాచడం ఈ వృత్తి నేర్పిన అలవాటు. ఆ రోజు కుర్చీలోంచి లేచిన లైబ్రేరియన్ సారుకు, లైబ్రరీ మానెయ్యమని చెప్పి కూడా ఆ వేసవి అంతా సందు మలుపులో స్కూటర్ మీద నా కోసం కాచుకున్న మా ఆయనకు, ఇప్పుడు లేని మా అత్తమ్మకు, భయపడుతూనే రోజూ వచ్చి కూర్చున్న ఆ సాక్షికి. బస్సులో ఆ పిల్లవాడి చెయ్యి చూసినప్పుడు నాకు తెలిసింది, కాలం భయాన్ని కొట్టివేయదు, వాయిదా వేస్తుంది అంతే.