సలోమవ్వ ప్రార్థన, ఆ తర్వాతి కునుకు

సలోమవ్వ కళ్లు మూసుకుని చేతులు జోడించిందంటే ఊళ్లో ఎవరి పరువుకూ భరోసా ఉండేది కాదు. ఆమె ప్రార్థన గట్టిగా చేసేది. పేరుపేరునా చేసేది. దేవుడు పొరపాటున పక్కింటికి పోతాడేమోనని చిరునామాతో సహా చేసేది.

"తండ్రీ, రెండో గల్లీల, పిండిగిర్ని పక్కపొంటి ఉండే అంజయ్యను యాదుంచుకో. మొదాలు పాలల్ల నీళ్లు పోస్తుండె. ఇప్పుడు నీళ్లల్ల పాలు పోస్తుండు."

శుక్రవారం సాయంత్రాల్లో రేకుల ప్రార్థన గదిలో కూర్చునే క్రైస్తవులు కొద్దిమందే. ఇవాళ ఎవరి సంగతి బయటపడుతుందోనని కిటికీల దగ్గర నిలబడే వాళ్లే ఎక్కువ. అంజయ్యది ఎప్పుడూ మొదటి కిటికీ.

"దేవునికి తెల్వదా అవ్వా? గంత గట్టిగ చెప్పాల్నా?" అని అరిచేవాడు.

"తెలుసు బిడ్డా. కానీ ఆయనకు లోకమంత పని. జెర యాది చెయ్యాలె."

పటాన్‌చెరు పోయే ఆటో ఎక్కినా అంతే. "తండ్రీ, ఈ పిలగాని బండికి బ్రేకులు లెవ్వు, నువ్వే పట్టుకో" అనగానే సగం మంది దిగిపోయేవారు.

ఆ రోజుల్లో కంపెనీల మురుగు కలిసి ఊరి వాగు పొద్దున ఒక రంగులో, సాయంత్రం ఒక రంగులో పారేది. ఆ నీళ్లు తాగిన బర్రెలు ఒడ్డునే పడి చచ్చేవి. సలోమవ్వ ప్రతి శుక్రవారం ఉపవాసముండి, సీసాలో వాగు నీళ్లు పట్టుకుని పొల్యూషన్ ఆఫీసరు సూర్యారావు దగ్గరికి పోయేది. "నాకేం వాసన రావడం లేదే" అన్నాడాయన ఒకసారి. ఆమె ఆ బల్ల ముందే మోకరించింది.

"తండ్రీ, సూర్యారావు సారుకు ముక్కియ్యి. ఉన్నది పనిచేస్తలేదు."

"గన్నిసార్లు తిప్పుతుంటే యాష్టకు రాదా అవ్వా?" అని ఎదురింటి రాధమ్మ కూతురు కౌసల్య మెల్లగా అడిగింది. ఏడో తరగతితో బడి మాని, బొల్లారంలో మందుల కంపెనీకి ప్యాకింగ్ పనికి పోయే పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"వస్తది. కోపం గూడొస్తది. అన్నీ ప్రార్థనల దింపుకుంట. మళ్ల శుక్రారం తేలికగ పోత."

ప్రార్థన చివర ఇంకో తమాషా ఉండేది. ఆమేన్ అనబోయే ముందు సలోమవ్వ తల వాల్చి ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయేది. "పండుకుంది, పాండి" అని అంజయ్య కిటికీ వదిలేవాడు. అందరూ నవ్వుకుంటూ పోయేవారు. కౌసల్య ఒక్కతే గమనించింది, ఆ కునుకులో ముసలామె బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా కదులుతుండేది. నిద్రలో కూడా ఏం లెక్కపెడుతుందో అనుకునేది.

ఒకనాడు తెల్లవారుతుండగా కౌసల్య కంపెనీ బస్సు కోసం వాగు మీది మోరీ దగ్గర నిలబడింది. కింద వాగులోకి ట్యాంకర్ పైపు వదిలి విషం పారబోస్తున్నారు. ఆమె నంబరు చదివింది. ఆ ట్యాంకర్లు నరసరాజువి. కంపెనీకి కూలీలను పెట్టేదీ నరసరాజే, కౌసల్య కూడా అతని కిందే. అంతకుముందు నోరు విప్పిన కూలీ లింగానికి చెయ్యి విరిగింది.

ఆ నంబరు ఆమె ఒక్క సలోమవ్వకే చెప్పింది. చెప్పాక నాలుక కరుచుకుంది. ఊళ్లో ఇన్ని నోళ్లుండగా పోయి పోయి ఈ నోటికి చెప్పానా!

"అవ్వా, నా పేరు తియ్యకు. నీ కాళ్లు మొక్కుత."

"దేవునికి చెప్పకుండ ఎట్లుంటనే?" అంది సలోమవ్వ.

వారం తిరక్కముందే సూర్యారావు మనుషులు కాపు కాసి, ఆ ట్యాంకర్‌ను వాగు దగ్గరే పట్టుకున్నారు. ఆ సాయంత్రమే నరసరాజు సలోమవ్వ వాకిట్లో జీపు ఆపాడు.

"నెంబరు ఎవరు చెప్పిండ్రు?"

"ఆఫీసుల నేనే చెప్పిన."

"నీకు అంకెలు రావు గద అవ్వా. ఎవలు చదివిండ్రు?"

"అది దేవునికి తెలుసు."

"గట్లనా? అయితే దేవునికి చెప్పేటప్పుడు నేను గూడ వింట."

అన్నట్టే శుక్రవారం వచ్చి, చెప్పులు విడిచి, చాప మీద బుద్ధిగా కూర్చున్నాడు. అతని మనుషులు తలుపు దగ్గర నిలబడ్డారు. కిటికీల దగ్గర కూడా ఎవరూ నవ్వడం లేదు. రాకపోతే అనుమానిస్తారని కౌసల్య వచ్చింది. వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని మూలకు ఒదిగింది.

సలోమవ్వ మొదలుపెట్టింది. మొదటి గల్లీ అయింది. రెండో గల్లీలో అంజయ్య పాలు అయ్యాయి.

"తండ్రీ, మూడో గల్లీల, బోరింగు ఎదురుంగ, రాధమ్మ బిడ్డ కౌసల్య..."

నరసరాజు మెడ ముందుకు సాగింది.

"...గా పిల్లకు నోరియ్యి తండ్రీ. పిలిస్తే పలకది. మొన్న తేలు కుట్టినా ఇంట్ల చెప్పలే, కాలు వాస్తే ఎరుకైంది. గిట్లయితే దీనికి పెండ్లెట్ల చేస్తరు?"

కిటికీలు గొల్లుమన్నాయి. "తేలు కుట్టినా చెప్పదా!" అని నరసరాజు కూడా పగలబడి నవ్వి, ఆ మూల నుంచి చూపు తిప్పేసుకున్నాడు. మళ్లీ అటు చూడలేదు.

"నరసరాజును గూడ యాదుంచుకో తండ్రీ. ఆయన ఇంట్ల బోరు నీళ్లు గూడ ఎర్రగైనయట. పట్నం నుంచి క్యాన్లు తెచ్చుకుంటుండు, సిగ్గుకు ఎవలకు చెప్తలేడు. ఆయన పిల్లలను సల్లగ సూడు."

నరసరాజు నవ్వు ఆగిపోయింది. ఆమేన్ దాకా ఉండకుండా చెప్పులు వెతుక్కున్నాడు.

సలోమవ్వ తల వాలిపోయింది. బొటనవేలు మొదటి కణుపు మీదికి వచ్చి, అక్కడే చాలాసేపు ఆగింది.

అందరూ పోయాక కౌసల్య దగ్గరికి జరిగింది. "అవ్వా, ట్యాంకర్ ముచ్చట దేవునికి చెప్పనేలేదా?"

"చెప్పకుండ ఎట్లుంటనే?"

"ఎప్పుడు చెప్పినవ్?"

"పండుకున్నప్పుడు."

కౌసల్య ఆ ముడతల వేళ్ల వైపు చూసింది. ఇన్నేళ్లుగా ఆ కణుపుల మీద ఎవరెవరు భద్రంగా ఉన్నారో!

తర్వాతి శుక్రవారం సలోమవ్వ తల వాలగానే అంజయ్య ఎప్పటిలాగే "పండుకుంది, పాండి" అన్నాడు.

"నువ్వు పో అంజన్నా, నేను తర్వాత లేపుత" అంది మూల నుంచి కౌసల్య, కిటికీ దాకా వినపడేట్టు.

అంజయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "అబ్బో! దీనికి అప్పుడే నోరిచ్చిండా!" అని, తన పాల సంగతి గుర్తొచ్చి, గబగబా ఇంటి దారి పట్టాడు.