పథ్యం విడిచాక

నాకు నోరెక్కువని మా వీధంతా అంటారు. అయినా ఆ రోజు నా మాట విన్నదెవరు గనక!

మా ఆయన విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకెళ్తాడు. నెలల తరబడి విరేచనాల్లో రక్తం పడుతుంటే, వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. చివరికి ఆసుపత్రిలో కెమెరా గొట్టంతో చూసి, పెద్దపేగు లోపల వాచి పుళ్లు పడ్డాయన్నారు. అంటుకునే జబ్బు కాదు, అలాగని పూర్తిగా పోదు, రోజూ మాత్రలు వేసుకుంటే అణిగి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది.

మా ఇళ్లల్లో మందూ పథ్యమూ జంట. బాలింతకైనా, కామెర్లొచ్చిన వాడికైనా తలకు నీళ్లు పోసి చేపల పులుసు పెట్టారంటే పథ్యం విడిచినట్టే, జబ్బు వదిలినట్టే. మాత్రలతో రక్తం ఆగిన కొన్నాళ్లకు మా అత్త వంజరం పులుసు కాచింది.

"మాత్రలు ఆపొద్దంది కదా డాక్టరమ్మ!" అని అరిచాను.

"పత్తెం ఇడిసీసినాక మందేటే? నోర్ముయ్!" అని కసిరింది. ఆయనకూ అదే కావాలి. మాత్రలు బీరువా మీద పడేసి వేటకెళ్లిపోయాడు.

నడి సముద్రంలో రక్తం మళ్లీ మొదలైంది. విరేచనానికి బోటు అంచున కూర్చోవడానికి కూడా ఓపిక లేక పడిపోతే, వల లాగేసి బోటు తిప్పారు. జెట్టీ మీద దింపినప్పుడు ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. చచ్చిపోయాడనే అనుకున్నాను.

ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. "పులుసు వల్ల కాదమ్మా, మందు ఆపడం వల్ల వచ్చింది. మళ్లీ ఇలాగైతే పేగు తీసెయ్యాల్సి రావచ్చు" అంది డాక్టరమ్మ. మా అత్త గోడవారన కూలబడింది. దులిపేద్దామనుకున్నదాన్ని, వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

చాలా నెలలకు ఆయన తేరుకున్నాడు. డాక్టరమ్మ సరేనన్నాకే మళ్లీ బోటెక్కాడు. బోటు కదిలేటప్పుడు వెనక్కి పిలవకూడదు, జబ్బు మాట, చావు మాట ఎత్తకూడదు. ఈ పట్టింపు అందరికంటే మా అత్తకే ఎక్కువ. తాడు విప్పారు. ఉన్నట్టుండి ఆవిడ జెట్టీ చివరికి పరుగెత్తింది.

"ఒరేయ్, ఆగరా! మాత్రేసుకున్నావేట్రా?"

బోటులో అందరూ నిర్ఘాంతపోయారు. ఆయన వెనక్కి తిరిగి, "ఏసుకున్నానే అమ్మా" అన్నాడు.

"రేపూ ఏసుకోవాల!" ఏడుస్తూనే కేకేసింది. "నాను సచ్చిపోయినా ఏసుకోవాల!"