ఒకే పేరు మిగిలిన వార్డు

పోయిన మున్సిపల్ ఎన్నికల్లో ఆళ్లగడ్డలోని మా వార్డు మహిళలకు రిజర్వయింది. బట్టలు కుట్టే మా అమ్మ నామినేషన్ వేసింది. అమ్మకు పోటీగా ఇంకొకామె మాత్రమే ఉంది. నామినేషన్లు వెనక్కి తీసుకునే చివరి రోజు పొద్దున, ఆ పోటీ చేసే ఆమె భర్త మా ఇంటికొచ్చాడు. అమ్మ మిషను ముందున్న స్టూలు మీద కూర్చుని టీ తాగాడు. టీ బాగుందన్నాడు. లేచేటప్పుడు నా వైపు చూశాడు.

"పాప కాలేజీకి నంద్యాలకు పోయొస్తాండాది గదా అక్కా. ఒక్కతే, బస్సులో."

అంతే. మధ్యాహ్నం అమ్మ పోయి నామినేషన్ వెనక్కి తీసుకుంది. ఒకే పేరు మిగిలింది కాబట్టి పోలింగ్ లేకుండానే ఆయన భార్య గెలిచిందన్నారు. వీధిలో టపాకాయలు కాల్చారు. అమ్మ కిటికీ మూసి, ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతూ కూర్చుంది. నా కోసమే వెనక్కి తీసుకున్నానని అనలేదు. అన్నా బాగుండేది.

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. చర్చిలో వాక్యం చదవమంటే చెమటలు పడతాయి. అయితే కక్ష పెట్టుకోవడానికి గొంతు అక్కర్లేదు. లైబ్రరీలో నవలలు పక్కనబెట్టి మున్సిపల్ చట్టం చదివాను. మళ్లీ ఎన్నికల మాట వినిపించగానే అర్జీ రాశాను. ఒక్కరే మిగిలినా పోలింగ్ పెట్టాలి, ఆ పేరు కింద నోటా ఉండాలి, నోటా గెలిస్తే మళ్లీ నామినేషన్లు పిలవాలి. జాకెట్లకు కొలతలిచ్చే ఆడవాళ్ల చేత అమ్మ సంతకాలు పెట్టించింది. కొందరు తమ మొగుళ్లకు చెప్పొద్దన్నారు.

సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. మేం బస్సు దిగి పోయేసరికి, ఆ రోజు మా ఇంట్లో టీ తాగిపోయినాయన కారులో వచ్చి ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. మా వంతు రాగానే పక్కన చేరి, అధికారి అర్జీ విప్పకముందే మాట అందుకున్నాడు.

"సార్, ఆ వార్డు కౌన్సిలర్ని నేనే. మా జనానికి ఏ ఇబ్బందీ లేదు. ఈళ్లు గిట్టక పెట్టినారు."

అబద్ధమాడాలని అన్న మాట కాదది. ఊరంతా ఆయన్నే కౌన్సిలరన్నా అని పిలుస్తుంది. రిబ్బన్లు ఆయనే కత్తిరిస్తాడు, మీటింగుల్లో ఆయనే మాట్లాడతాడు. ఆయన భార్య బయట కనబడడమే తక్కువ. అలవాటుగా నోటికొచ్చేసింది.

అధికారి అర్జీలో మొదటి వాక్యం చదివి తలెత్తాడు. మహిళల వార్డు కదా అన్నాడు. ఆయన నవ్వాడు. తోడుగా ఎవరూ నవ్వలేదు. అధికారి నా వైపు తిరిగి, మీ కౌన్సిలర్ ఎవరమ్మా అని అడిగాడు.

బస్సులో దారి పొడవునా బట్టీ పట్టిన ప్రసంగమంతా మరిచిపోయాను.

"ఈయన భార్య సార్. ఇంట్లో ఉంది. ఈయన్ని ఎవరూ ఎన్నుకోలేదు," అన్నాను. తర్వాత గుర్తొచ్చి, "ఆమెను కూడా," అన్నాను.

అధికారి పెన్ను కింద పెట్టి, ఆయన్ని బయట కూర్చోమన్నాడు. అర్జీ పట్టుకుని మా వెనకే నిలబడ్డ, వెలుగోడు నుంచి వచ్చిన ముసలాయన ఆయన్ని చూసి, "కౌన్సిలరమ్మా, పక్కకు జరుగు తల్లీ, లైను మాది," అన్నాడు. గదంతా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడడం నేను తీరిగ్గా చూశాను. అంత తీరిగ్గా ఏ పుస్తకమూ చదవలేదు.

అర్జీని రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపుతామని రసీదు ఇచ్చారు. చట్టం ఇంకా మారలేదు. ముసలాయన పెట్టిన పేరు మాత్రం ఆళ్లగడ్డకు చేరిపోయింది. ఆయన బండి మీద పోతుంటే టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు కౌన్సిలరమ్మా అంటారు. ఆదివారం చర్చిలో పాస్టరు శత్రువుల్ని క్షమించమని చెబుతుంటే నేను పాటల పుస్తకం తిరగేస్తుంటాను.

అమ్మ మళ్లీ నామినేషన్ వేస్తానంటోంది.

"ఈ తూరి వస్తే టీ ఇయ్యను," అంది.

నేనైతే ఇస్తాను. ఆయన రావాలి. అదే స్టూలు మీద కూర్చుని, పాప ఒక్కతే నంద్యాలకు పోయొస్తాండాదా అని ఇంకోసారి అడగాలి.