టకటకలాడిన పిస్టన్

నా పాత బండికి ఫోర్జ్‌డ్ పిస్టన్, అంటే లోహాన్ని గట్టిగా నొక్కి చేసినది, దానికి తగ్గ రింగులు నేనే ఎంచి తెప్పించాను. వేడికి ఆ పిస్టన్ ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి సిలిండర్‌లో సందు కాస్త ఎక్కువ వదిలించాను.

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే టకటకలాడింది. జనగామ మెకానిక్ స్క్రూడ్రైవర్ ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని విన్నాడు.

"ఖరాబైంది అక్కా. ఈ పిస్టన్ వద్దని నేను ముందే చెప్పిన."

"ఎనక కూసో," అన్నాను.

జఫర్‌గఢ్ దారి ఎక్కేసరికి ఇంజన్ వేడెక్కి చప్పుడు పోయింది. మహబూబాబాద్ దాకా అతను ఇంజన్ వైపే చెవి పెట్టి వింటూ వచ్చాడు.

మొన్న అతని షాపులో ఇంకో బండి అలాగే మోగుతోంది. ఈసారి స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. "జర వేడెక్కనియ్యి అన్నా, చప్పుడు అదే పోతది," అని గిరాకీకి ధీమాగా చెప్పాడు.

ఆ బండిది సందు తక్కువుండే మామూలు పిస్టన్. అది మోగిందంటే అరిగినట్టే. నేనే వెళ్లి ఇంజన్ ఆపాను.