దవడల దర్జీ

దర్జీ మామయ్యకు ఒకటే పిచ్చి. ఎదురుపడ్డ ప్రతివాడి దవడా చూస్తాడు. పేరడగడు, క్షేమమడగడు. "పళ్ళు విడదియ్యి!" అంటాడు.

చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాడి భుజం మీద టేపు పెట్టి, "పెదాలు కలుపు. పళ్ళు మాత్రం తగలనివ్వకు. నాలుక అంగిట్లో ఆనించు. ఆఁ, ఇప్పుడు చెప్పు, చేతులు పొట్టివా పొడుగువా?" అంటాడు. ఆ అవస్థలో ఎవడు మాత్రం ఏం చెప్పగలడు? అందుకే ఊళ్ళో సగం చొక్కాలకు చేతులు మామయ్య ఇష్టమొచ్చినంత.

ఓసారి బస్సు కండక్టరు ప్యాంటు బిగుతైందని పళ్ళు నూరుతూ వచ్చాడు.

"ప్యాంటు సంగతి తర్వాత. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరువు. టక్కుమంటోందా?"

"టక్కుమంటోంది."

"అదీ! కోపం అక్కడే కాపురం పెట్టింది."

ఫ్లానెల్ ముక్కను ఇస్త్రీపెట్టె కింద వెచ్చచేసి కండక్టరు చెంపకు అద్దాడు. ఆయన హాయిగా ఓ కునుకు తీసి, ప్యాంటు అక్కడే మరిచిపోయి వెళ్ళాడు.

కొట్లో కాజాలు కుట్టే మేనకోడలికి ఇదంతా నవ్వులాటే, తన దవడ పట్టేసేదాకా. ఇప్పుడు ఆవలించాలన్నా భయమే. కిటికీ పక్క మిషను మీద ముసుగు కప్పి ఉంది. అక్కడ ఆమె అక్క కాలర్లు కుట్టేది. ఇద్దరూ కబుర్లలో పడితే మిషన్ల చప్పుడు కూడా వినపడేది కాదు. ఓ రోజు కాలరు వంకరగా వచ్చిందని, "నీకు కుట్లు రావు, కోతలే!" అని చెల్లెలు నోరు జారింది. అక్క వేరే ఊళ్ళో పనికి వెళ్ళిపోయింది. జారిన నోటిని చెల్లెలు అప్పుడు మూసింది, అక్క దగ్గర మళ్ళీ విప్పలేదు. అక్క మీద బెంగను పగలంతా పంటి బిగువున ఆపుకుంటుంది, నిద్రలో పటపటా నూరుతుంది.

పళ్ళ డాక్టరు చూసి, ఎముకలో తేడా ఏమీ లేదు, కండరాల బిగింపేనన్నాడు. మెత్తనివి తినమన్నాడు.

"పై బిగింపుకు కాపడం చాలు. లోపలిదానికి నోరు తెరిచి అడగాలమ్మా," అన్నాడు మామయ్య, వెచ్చటి ముక్క చెంపకు ఆనిస్తూ.

"ఎవర్ని మామయ్యా?"

"నన్నడుగుతావేం? నేను దర్జీని." తన ఫోను ఆమె చేతిలో పెట్టి, దారం తెస్తానని బయటికి పోయాడు. కొట్టు నిండా దారమే.

ఆమె అక్క నంబరు నొక్కింది.

"అక్కా..." దవడ టక్కుమంది. "నువ్వు లేకపోతే నాకేం తోచట్లేదక్కా. వచ్చెయ్యవూ?"

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు.

"ఏడిపించకే. నాకూ నోరు సరిగ్గా తెరుచుకోవట్లేదు. రోజూ పొద్దున్నే మామయ్య ఫోను చేసి పళ్ళు విడదియ్యమంటాడు. దేనికి మామయ్యా అంటే, 'ఎప్పుడో ఒకప్పుడు చెల్లెలు రమ్మంటుంది. సరేననడానికి నోరు వీలుగా ఉండాలిగా?' అంటాడు."

"మరి... ఉందా వీలుగా?"

"సరే," అంది అక్క.